రూతమ్మ పథ్యం

రూతమ్మ ఉడికిన కోడిగుడ్ల పెంకులు ఒలుస్తోంది. చేవెళ్ళ నుంచి ప్రత్యేక తెలంగాణ ఉద్యమ పెద్దలు భోజనానికి వచ్చారు. అరవై తొమ్మిదిలో బడులు మూతపడ్డప్పటి నుంచి ఆమె భర్త దయానందం సారుకు పాఠాలు లేవు, ఉపన్యాసాలే. మొయినాబాదులోని ఆ ఇంట్లో పొయ్యి మాత్రం ఆరడం లేదు.

రూతమ్మ కుడి డొక్కలో నొప్పికి నెల కిందట పట్నం దవాఖానలో పేరు తెలిసింది. పిత్తాశయంలో క్యాన్సర్. ఆ గడ్డలో ఏదో ప్రోటీన్ ఎక్కువై, అదే దాన్ని పాకిస్తోందేమోనని డాక్టరమ్మ అంటుండగానే, వరండాలో ఎవరో పిలిచారని సారు లేచిపోయాడు. సగం వింటే చాలు ఆయనకు, మిగతా సగం తనే చెప్పగలడు.

"ఆ ప్రోటీను గడ్డలనే తయారయితది, తిండితోని రాదు. నీకు రక్తం తక్కువున్నది. గుడ్లు, మాంసం మంచిగ తిను. రక్తం పెరిగితేనే ఆపరేషన్. లేటయితే కష్టం," అన్నది డాక్టరమ్మ, రూతమ్మ ఒక్కదానికే.

ఇంటికి రాగానే సారు తీర్పిచ్చాడు. "ప్రోటీనే దానికి బలం. గుడ్లు, పప్పు, మాంసం అన్నీ బంద్. గంజి తాగు."

"డాక్టరమ్మ తినుమన్నది."

"సైన్సు నీకెరుకనా, నాకెరుకనా?"

అత్త పెంటమ్మ పప్పుగిన్నె పక్కకు జరిపింది. "వాడు సదువుకున్నోడు బిడ్డా, నీ మంచికే చెప్తడు."

నెలంతా గంజే. నిన్న పరీక్ష చేస్తే రక్తం ఇంకా తగ్గింది, ఆపరేషన్ వాయిదా పడింది. "పథ్యం ఇంకా గట్టిగ చెయ్యాలె," అన్నాడు సారు. రూతమ్మకు ఏడుపు రాలేదు, రోత పుట్టింది. ఇన్నేళ్ళూ ఈ మనిషి డాబును తెలివి అనుకున్నందుకు తనమీద కూడా.

ముందు గదిలో ఆయన గొంతు లేచింది. "మన వాటా మనం అడుగుడు తప్పా?" చప్పట్లు మోగాయి.

రూతమ్మ గుడ్ల కూరగిన్నె తెచ్చి, ఎవరికీ వడ్డించకుండా వాళ్ళ మధ్యనే కూర్చుని, గుడ్డు కొరికింది.

"ఏందే అది! నీకది విషం!"

ఆమె నమిలి మింగింది. "డాక్టరమ్మ తినుమన్నది. మీరు ఇనకుంట లేచి పోయిన్రు. రేపు దవాఖానల చేరుత. ఆడనే తిని రక్తం పెంచుకుంట. ఆపరేషన్ కాయితం మీద దస్కతు నేనే పెట్టుకుంట."

దయానందం సారు తెల్లబోయాడు. "మరి గీ ఉద్యమం నడుస్తుండంగ, ఇంట్ల వండేదెవరు?"

చేవెళ్ళ పెద్దలు తలలు దించుకున్నారు. రూతమ్మ గిన్నె దగ్గరకు లాక్కుని కడుపునిండా తింది.