రెండో అభిషేకం

నాలుగు బెంచీలు తుడిచి, ఐదోదాని దగ్గర ఆగిపోయాడు గంటాయన. ఎడమ మోకాలు పట్టేసింది. ఇరవై తొమ్మిదేళ్ళుగా ఈ చర్చిలో ఊడవడం, తుడవడం, గంట కొట్టడం ఆయన పని. తాడు ఒరిసి ఒరిసి అరచేతులు కాయలు కాశాయి. అసలు పేరు పెళ్ళాం కూడా మర్చిపోయిందని జనం వేళాకోళం చేసేవారు.

పదింటికి బిషప్‌గారు వస్తారు. వాళ్ళ చిన్న క్రైస్తవ సంఘం ఈమధ్యే పెద్ద సంఘంలో కలిసింది. చర్చి పాస్టరు అయ్యగారు పూర్వం పాస్టరుగా పొందిన అభిషేకం చెల్లదనీ, మళ్ళీ పొందకపోతే చర్చీ ఇల్లూ వదిలేసి వెళ్ళాలనీ కబురొచ్చింది.

పొద్దున గుమ్మంలోనే భార్య అడ్డం నిలబడింది.

"ఆయన అయ్యగారే కాకపోతే మన పాపకిచ్చిన బాప్తిస్మం మాటేంటి? నువ్వడుగుతావా, నన్నడగమంటావా?"

పాప బతికింది పదకొండు రోజులు. అయ్యగారు వానలో తడుస్తూ వచ్చి, గిన్నెలో నీళ్ళు తీసుకుని, బాప్తిస్మమిచ్చి పేరు పెట్టారు. ఆ పేరుతో పిలిచే భాగ్యం వాళ్ళకి దక్కలేదు.

గంటాయన వెనకగదిలోకి వెళ్ళాడు. అయ్యగారు కళ్ళజోడు తుడుచుకుంటున్నారు. తుడిచిందే తుడుస్తున్నారు.

"అయ్యా... మా పాప..." అన్నాడు గంటాయన.

అయ్యగారు కళ్ళజోడు పెట్టుకున్నారు. "వెళ్ళి గంట కొట్టవయ్యా" అన్నారు.

చర్చి కిక్కిరిసింది. అయ్యగారు మోకరించారు. బిషప్‌గారు మెత్తని మనిషి. అభిషేకం మాటలు కాగితంలోంచి చదివారు. చదవడం ముగించి, అయ్యగారి తలమీద ఉంచడానికి చేతులెత్తారు.

"ఆగండి" అన్నారు అయ్యగారు, తల వంచుకునే. "నా తలమీద ఒకసారి చేతులుంచారండీ. మళ్ళీ పెట్టించుకుంటే అది ఉత్తదేనని ఒప్పుకున్నట్టు. నేను బాప్తిస్మమిచ్చి, నేనే మట్టిచేసిన పసివాళ్ళున్నారు. వాళ్ళకి రెండోసారి ఎవరిస్తారు?"

ఎత్తిన చేతులు మెల్లగా దిగాయి. "ఇంకొంచెం ఆలోచించుకోండి."

"వారంనుంచీ అదే పనండీ."

అయ్యగారు లేవబోయి తూలారు. గంటాయన గబగబా వెళ్ళి చంకకింద చెయ్యేసి లేపాడు. బెంచీల మధ్య నడుస్తుంటే, గంటాయన భార్య చెయ్యి చాచి అయ్యగారి చేతిని ఒక్కసారి తాకి వదిలేసింది.

సాయంత్రం అయ్యగారిని బస్సెక్కించి వచ్చి, గంటాయన వెనకగది ఊడ్చాడు. చేతులుంచాక తొడగడానికి బిషప్‌గారు తెచ్చిన తెల్లటి కొత్త అంగీ కుర్చీమీద ఉంది, మడత విప్పకుండా, మెడ దగ్గర దర్జీ గుచ్చిన గుండుసూదితో.