లింబాద్రి ఉబలాటం

ఈరవ్వ నోట రోజుకు పదిసార్లయినా వినిపించే మాట ఒకటుంది: ఉబలాటం. ఊళ్లోకి కొత్త ట్రాక్టరు వచ్చిందని మొగుడు లింబాద్రి తినే పళ్లెం ముందు నుంచి లేచిపోతే ఉబలాటం. మొదటి జల్లుకే విత్తనాల దుకాణం ముందు నిలబడితే ఉబలాటం. "మా ఆయనకు ఉబలాటం తప్ప ఇంకేమున్నదక్కా" అని గోడ మీదుగా పక్కింటి ప్రమీలమ్మకు చెప్పుకోకపోతే ఆమెకు పొద్దు గడవదు. నిజానికి ఆత్రం వేరు, ఉబలాటం వేరు. ఆత్రగాడికి పని తొందరగా అయిపోవాలి. ఉబలాటగాడికి తాను అందులో ఉండాలి, అంతే.

లింబాద్రి ఉబలాటాలన్నిటిలోకీ పెద్దది కుస్తీ. బోధన్ దగ్గరున్న వాళ్ల ఊళ్లో ఏటా జాతరకు కుస్తీలు పెడతారు. కొబ్బరికాయ పందెంతో మొదలై వెండి కడెంతో ముగుస్తాయి. పట్టాలనుకున్నవాడు చెయ్యి పైకెత్తుతాడు. ఆ చేతిని ఎవరు అందుకుంటే వాడే జోడు. అరవై దగ్గర పడుతున్నా లింబాద్రి ఆ చెయ్యి ఒక్కసారీ ఎత్తలేదు. పడుచుతనంలో జాతర నాటికి చెరుకు నరుకుడు జోరు మీద ఉండేది. చెరుకు తెమ్మని చక్కెర ఫ్యాక్టరీ నుంచి పర్మిట్ వచ్చిన రోజున బండి కట్టకపోతే ఏడాది కష్టం ఎండిపోయేది. ఫ్యాక్టరీ మూతపడి, చెరుకు పోయి వరి వచ్చి, తీరిక చిక్కేసరికి మోకాళ్లు మొరాయించాయి. అయినా బరి అంచున అందరికంటే ముందుండేది ఆయనే. "నడుం పట్టు! కాలెయ్యి!" అని అరిచి అరిచి గొంతు పోగొట్టుకుని ఇంటికి వచ్చేవాడు. ఒక్కసారైనా దిగకుండానే పోతానేమోనన్న దిగులు మాత్రం ఎవరికీ చెప్పేవాడు కాదు.

ఈ ఏడు తమ్ముడి కొడుకు నరేష్ నలుగురిలో అననే అన్నాడు. "పెద్దబాపు, ఒడ్డుకు నిలవడి ఎన్నన్న చెప్పొచ్చు. దిగితె తెలుస్తది." నవ్వుతూనే అన్నాడు, లింబాద్రీ నవ్వాడు. కానీ మాట లోపల గుచ్చుకుంది.

జాతర రోజు మధ్యాహ్నం డప్పులు మోగాయి. మొదటి కొబ్బరికాయకు ఇద్దరు కుర్రాళ్లు పట్టుకున్నారు. కిందపడ్డవాడికి పక్కకు దొర్లే వీలుంది, అయినా దొర్లడం లేదు. లింబాద్రి ఆగలేకపోయాడు. "ఇటు! ఇటు దొర్లు!" అంటూ కుడిచెయ్యి బారెడు పైకి లేపి ఊపాడు. అంతలోనే ఆ కుస్తీ అయిపోయింది. ఊపిన చెయ్యి ఇంకా పైనే ఉంది. కుస్తీలు నడిపించే మధుకర్ రెండో కొబ్బరికాయ పట్టుకుని నిలబడి ఉన్నాడు, అది చూసి మైకు అందుకున్నాడు.

"లింబాద్రన్న చెయ్యి లేపిండు! రెండో కాయకు లింబాద్రన్న! జోడెవ్వరు?"

జనం గొల్లుమన్నారు. "నేను వానికి పట్టు చెప్తున్న" అని ఒక్క మాట అంటే సరిపోయేది. ఆ మాట నాలుక చివరిదాకా వచ్చింది. మోకాళ్లూ అదే అనమన్నాయి. లింబాద్రి చెయ్యి దించలేదు.

పడుచువాళ్లెవరూ కదల్లేదు. ఇంత పెద్దాయన మీద గెలిచినా నగుబాటే కదా. డప్పులు ఒక చుట్టు కొట్టి ఆగాయి. లింబాద్రి జనం మొహాలు వెతికాడు. ఇప్పుడు జోడు దొరక్కపోతే ఇక ఎప్పటికీ లేనట్టే, మళ్లీ ఏడాదికి ఈ కాళ్లు నిలుస్తాయన్న నమ్మకం లేదు. అప్పుడు జనంలోంచి దేవన్న లేచాడు. నందిపేట్ నుంచి చుట్టాలింటికి వచ్చిన పెద్దమనిషి, ఒకప్పటి పహిల్వాన్, ముంజేతికి ఇప్పటికీ వెండి కడెం ఉంది. తలకు చుట్టిన రుమాలు తీసి పక్కవాడికిచ్చి, నడిచి వచ్చి లింబాద్రి చెయ్యి అందుకున్నాడు.

"దా తమ్మీ," అన్నాడు చెవిలో. "మెల్లగనే కుస్తీ పడదాం."

లింబాద్రి అంగీ విప్పాడు. పిడికెడు మట్టి కళ్లకద్దుకుని భుజాలకు రాసుకున్నాడు. ఇన్నేళ్లూ ఊరందరికీ చెప్పిన పట్లన్నీ ఆ క్షణాన మరిచిపోయాడు. నడుం పట్టబోతే దొరకలేదు. కాలు వేయబోతే తన కాలే తడబడింది. దేవన్న వెన్ను కింద చెయ్యి ఆనించి, పసిబిడ్డను పడుకోబెట్టినట్టు వెల్లకిలా పడుకోబెట్టాడు. కొబ్బరికాయ దేవన్నకు పోయింది. నరేష్ చెవులు పగిలేలా ఈల వేశాడు. లింబాద్రి లేవకుండా అక్కడే పడుకుని కడుపునిండా నవ్వాడు.

అంగీ భుజాన వేసుకుని, వట్టి వీపుతోనే పెద్దబజారు మీదుగా ఇంటికి వచ్చాడు. వార్త ఆయనకంటే ముందే చేరింది. ఈరవ్వ వాకిట్లో వేడినీళ్ల బకెట్ పెట్టి సిద్ధంగా ఉంది.

"ఉబలాటం గాకపోతె ఏంది? ఈ వయసుల గివేం పనులయ్యా!" అంటూ చెంబు ముంచింది. "అటు తిరుగు, వీపు కడుగుత."

"ఆగు ఈరవ్వ. జరసేపు ఉండనియ్యి."

"గది ఓడిపోయినోని మట్టి. దాసుకుంటవా?"

"ఒడ్డుకు నిలవడ్డోనికి గా మట్టన్న అంటుతదా?"

ఈరవ్వ చెంబు గాల్లోనే ఆగింది. మొగుడి వీపు వైపు ఒకసారి నిదానంగా చూసింది. భుజాల నుంచి నడుం దాకా బరి మట్టే. ఆమెకు నవ్వొచ్చింది, కళ్లూ చెమర్చాయి. చెంబులో నీళ్లు తిరిగి బకెట్లో పోసి గోడ దగ్గరకు వెళ్లింది.

"ప్రమీలక్కా!" అని వీధంతా వినపడేలా పిలిచింది. "జర ఇటు రా. మా ఆయన ఉబలాటం సూద్దువు రా, ఇంకా కడగలే!"