రెండో ఊపు

అంబులెన్సు వెనక బంపరు మీద మోకాలు ఆనించి, ఒంటి బరువంతా మోపి చటుక్కున వదిలాడు మేస్త్రి. బండి లేచింది, కుంగింది, మళ్లీ లేచింది. అతని మొహం ముడుచుకుంది. ముప్పై ఏళ్లుగా అతని చేతిలో పడ్డ బండి ఒక్కసారి లేచి కుదురుకోవాల్సిందే. అందుకే అందరికీ అతను ఒక్కూపు మేస్త్రి.

"నూనె కారిపోయిన షాకబ్జార్బర్లు పీకేసి కొత్తవి బిగించెయ్యన్నా. నాలుగింటికి బయల్దేరమన్నాడు డాక్టరు," అన్నాడు డ్రైవరు.

"కొత్తవి సరుకు మోసే బళ్లవి. రాయిలా ఉంటాయి."

ఆ బండిలో పెద్దాసుపత్రికి వెళ్లాల్సింది మేస్త్రి అక్క. మెట్ల మీంచి పడి మెడ ఎముక విరిగింది. గట్టి కుదుపు ఒక్కటి తగిలినా ఊపిరి ఆగిపోవచ్చని పొద్దున చెప్పారు. తల్లి పోయాక అతన్ని చంకనేసుకుని పెంచింది ఆవిడే. "ఊళ్లో కుదుపులన్నీ నువ్వే మింగి కూర్చున్నావురా, నోట్లోంచి మాట ఊడిపడదు," అని వెక్కిరించేది.

కొత్త షాకు విప్పాడు. పిస్టనుకు పైనా కిందా దొంతరలుగా పల్చటి రేకు బిళ్లలు. నూనె వాటిని వంచుకుంటూ దారి చేసుకోవాలి. పై దొంతర బండి కుంగేటప్పుడు అడ్డుకుంటుంది, కింది దొంతర లేచేటప్పుడు.

"ఆ తంటా ఎందుకు? పల్చటి ఆయిలు పోస్తే మెత్తబడదా?"

"మెత్తబడుతుంది. ఆపైన పడవలా ఊగుతుంది. గుంతలో దిగేటప్పుడు వదలాలి తమ్ముడూ, లేచేటప్పుడు పట్టుకోవాలి."

రెండు షాకుల్లోనూ పై దొంతరలోంచి ఒక్కో బిళ్ల తీసి బల్ల మీద పెట్టాడు. ఇంకోటి తీయబోయి ఆగాడు. తీస్తే పెద్ద గుంతలో బండి అడుగుదాకా దిగి కొట్టుకుంటుంది. తీయలేదు. బిగించాక డ్రైవర్ని స్ట్రెచరు మీద పడుకోబెట్టి, బండి తనే రైలు గేటు దాటించి తెచ్చాడు.

"బతికుండగానే మోసుకెళ్లావు కదన్నా," అన్నాడు డ్రైవరు దిగుతూ. "కునుకు పట్టింది."

నాలుగింటికి బయల్దేరారు. మేస్త్రి అక్క తల పక్కన కూర్చుని పాదాలతో వినసాగాడు. ప్రతి గుంతకీ పళ్లు బిగిసేవి. బండి దిగేది, లేచేది, ఆగేది. ఒకటి. రెండోది లేదు. రైలు గేటు దాటాక అక్క కళ్లు తెరిచింది.

"ఈ రోడ్డు ఎప్పుడు బాగుచేశార్రా?"

"నిన్ననే అక్కా."

"మంచి పని చేశారు," అని కళ్లు మూసుకుంది.

ఆ తర్వాత దారంతా అతను చక్రాలనే విన్నాడు.

ఆసుపత్రి గేటు దగ్గర చివరి ఎత్తు. బండి ఒక్కసారి లేచి కుదురుకుంది. డ్రైవరు తలుపు తీశాడు. "నలక కూడా కదల్లేదన్నా."

లోపలికెక్కిన డాక్టరు ఆవిడ మణికట్టు పట్టుకున్నాడు. చాలాసేపు వెతికినా నాడి దొరక్క, ఆ చేతిని మెల్లిగా ఆవిడ గుండె మీద పెట్టాడు.

షెడ్డులో బల్ల మీద కాగితమంత పల్చటి రేకు బిళ్లలు రెండు, పక్కపక్కనే, ఇంకా నూనె తడితో.