ఒకే నంబరు, ఏడు ఫిర్యాదులు

"నీకు రాదు. పేరు ఆపేశారు," అన్నాడు వేలిముద్ర మిషను ముందు కూర్చున్నతను, తల ఎత్తకుండానే.

కాజాలక్క సర్కారు డబ్బుల లైన్లో నిలబడి అప్పటికి మూడు గంటలైంది. ఎండ నడినెత్తికి ఎక్కింది. ఇంట్లో మొగుడికి ఒళ్లు పెనంలా కాలిపోతోంది. ఒక మాత్ర మింగించి, నుదుటి మీద తడిగుడ్డ పరిచి, గంటలో వచ్చేస్తానని చెప్పి బయల్దేరింది. రెండు నెలల కిందట అడిగితే లిస్టు రాలేదన్నాడు. పోయిన నెల సర్వర్ లేదన్నాడు. ఈ నెల ఏకంగా పేరే లేదంటున్నాడు.

ఎవరు ఆపారు, ఎందుకు ఆపారు అని అడిగింది. అతను అప్పుడు తల ఎత్తాడు.

"ఫోన్ చేసి కనుక్కో. నీకు అలవాటేగా."

వెనక ఎవరో కిసుక్కున నవ్వారు. ఆవిడ చెంగుతో మొహం తుడుచుకుని పక్కకు జరిగింది. ఆవిడ ఖాళీ చేసిన చోటును వెనకున్న మనిషి ఒక్క అడుగుతో నింపేశాడు.

కన్నవాళ్లు పెట్టిన పేరు ఆవిడకూ ఒకటుంది, కానీ అది కార్డు మీద తప్ప ఎక్కడా మిగల్లేదు. ఇంట్లో కూర్చుని చొక్కాలకు చేత్తో కాజాలు కుట్టి గుండీలు వేస్తుంది గనక సందులో అందరికీ కాజాలక్క. చొక్కాకు మూడు రూపాయలు. కళ్లు మాట వింటే రోజుకు ముప్పై చొక్కాలు, వినకపోతే ఇరవై. మొగుడు తాపీ మేస్త్రీ. రెండేళ్ల కిందట మూడో అంతస్తు నుంచి పడ్డాడు. నడుము కింద నుంచి ఒళ్లు ఆయనది కాకుండా పోయింది. పని ఇచ్చిన కాంట్రాక్టరు పదివేలు చేతిలో పెట్టి, "నీ ఆయుష్షు గట్టిదోయ్" అని దీవించి మరీ వెళ్లాడు. ఆ తర్వాత ఆ దీవెనా కనపడలేదు, ఆయనా కనపడలేదు.

కదల్లేని మనిషి ఉన్న ఇంటికి, చూసుకునేవాళ్ల పేరు మీద సర్కారు నెలకు రెండు వేలు ఇస్తుంది. ఆ రెండు వేలు ఆవిడకు రెండు వేలలా కనపడవు. మూడున్నర వందలు మూత్రం పైపూ సంచీ. రెండొందలు పైపు మార్చే నర్సమ్మకు. తొమ్మిదొందలు మాత్రలు. మిగిలింది ఇంటద్దెలో ఒక ముక్క. నెలకోసారి పైపు మార్చి తీరాలని డాక్టరు కాగితం మీద గీత గీసి మరీ చెప్పాడు. ఇప్పుడున్న పైపు వేసి పదకొండు వారాలు. మూడు రోజులుగా చలిజ్వరం ఎందుకొస్తోందో ఆవిడకు ఎవరూ చెప్పక్కర్లేదు.

ఇంటికొచ్చేసరికి మేస్త్రీ మేలుకునే ఉన్నాడు. ఆవిడ మొహం చూసి సంగతి గ్రహించాడు.

"ఏమే, ఈసారి ఎవరు చచ్చారంట? సర్వరా, లిస్టా?"

"నేనే," అంది ఆవిడ.

నవ్వుదామనుకున్నాడు గానీ పళ్లు టకటకలాడి నవ్వు బయటికి రాలేదు.

*

ఇదంతా ఆవిడ ఫోను తెచ్చిన తంటా. సందులో పది కొంపలుంటే, ఎప్పుడూ బ్యాలెన్సు ఉండే ఫోను ఆవిడ దగ్గర ఒక్కటే. చొక్కాల మూట వచ్చినప్పుడల్లా షాపు వాళ్లు పిలుస్తారు కాబట్టి తిన్నా తినకపోయినా రీచార్జి తప్పదు. దాంతో సందులో ఎవరికి ఏ కాగితం మీద నంబరు కావాల్సొచ్చినా ఆ నంబరే. ఆస్పత్రి చీటీ మీద అదే, బడి రిజిస్టర్లో అదే, గ్యాసు పుస్తకంలో అదే. చెల్లెలు నీళ్లోసుకుందన్న కబురు ఆటోవాడి పెళ్లానికి తెలిసింది ఆ ఫోన్లోనే. ఇస్త్రీ అతని తమ్ముడు పోయాడన్న కబురూ దాన్లోనే.

ఫోను వాడుకున్నవాళ్లు వెళ్తూ వెళ్తూ గూట్లో ఐదు రూపాయలు పెట్టి వెళ్తారు. అడిగి పుచ్చుకున్నది కాదు. ఊరికే వాడుకుంటే తిన్నది అరగదని చీపుళ్ల పెద్దమ్మ మొదలుపెట్టింది, అందరూ పట్టుకున్నారు. మొదట్లో ఆవిడ వద్దనేది. వద్దంటే మళ్లీ రాకుండా మొహం చాటేస్తున్నారని మానేసింది. పేదవాళ్ల మర్యాద అలాంటిది. పుచ్చుకోకపోతే చిన్నబుచ్చుకుంటుంది.

డబ్బులిచ్చే కేంద్రంలో మిషను అతను రెండు వేలకు వేలిముద్ర వేయించుకుని పద్దెనిమిది వందలే చేతిలో పెట్టేవాడు. అదేమిటంటే మిషను ఖర్చు అనేవాడు. ఆ గోడ మీదే పెద్ద రంగుల కాగితం అంటించి ఉండేది. రూపాయి ఎవరికీ ఇవ్వనక్కర్లేదు, ఎవరైనా కోసుకుంటే ఈ నంబరుకు చెప్పండి, మీ పేరు బయటికి రాదు అని. ఏడో తరగతి దాకా చదివింది కాబట్టి ఆవిడ దాన్ని చదివింది. చదివి ఊరుకుంటే సరిపోయేది. సందులో అందరికీ చదివి వినిపించింది.

ఆ సాయంత్రం తనతో కలిపి సర్కారు డబ్బు వచ్చే ఏడిళ్ల ఫిర్యాదులు చెప్పింది. అవతల అమ్మాయి మర్యాదగానే రాసుకుంది. ఒక్కో ఫిర్యాదుకూ పద్నాలుగు అంకెల నంబరు ఇచ్చింది. ఆవిడ చొక్కా అట్టముక్క మీద ఏడు నంబర్లూ రాస్తుంటే మేస్త్రీ మంచం మీంచి చూసి అన్నాడు.

"నా జాతకం కన్నా పొడుగుందే ఇది. ఇంత పెద్ద నంబరు ఇచ్చారంటే పని చేసే తీరతార్లే."

వారం తిరిగేసరికి ఏడింటికీ ఒకే మెసేజి వచ్చింది. మీ ఫిర్యాదు పరిష్కరించబడినది అని. ఆ నెల కూడా అందరికీ పద్దెనిమిది వందలే వచ్చాయి. ఆవిడకు అదీ రాలేదు.

ఇప్పుడు మళ్లీ ఆ నంబరుకే చేసింది. అరగంట పాట వినిపించాక ఇంకో అమ్మాయి పలికింది. కంప్యూటరు చూసి, ఒకే ఫోను నుంచి మూడుకు మించి ఫిర్యాదులొస్తే దళారీ కింద పడుతుందని, విచారణ తేలేదాకా ఆ నంబరు ఎవరి పేరున ఉందో ఆ మనిషికి డబ్బులు ఆగుతాయని చెప్పింది. దళారీ అంటే నేనా అని అడిగింది కాజాలక్క. కంప్యూటరు అలా చూపిస్తోందండీ అంది ఆ అమ్మాయి. మా ఆయనకు జ్వరమమ్మా అంటే, అయ్యో అని నిజంగానే అంది. ఇంకేమైనా సహాయం కావాలా అని కూడా అడిగింది.

విచారణకు మనిషి రేపు వస్తాడని మాత్రం తెలిసింది. కాజాలక్కకు ప్రాణం లేచొచ్చింది. మనిషంటూ వస్తే చెప్పుకోవచ్చు. కంప్యూటరుకు కళ్లు లేవు గానీ మనిషికి ఉంటాయి కదా. ఇంటింటికీ వెళ్లి, ఆయన ఏం అడిగినా భయపడకండి, ఉన్నది ఉన్నట్టు చెప్పండి అని మరీ చెప్పి వచ్చింది.

*

పొద్దున్న పదింటికి వచ్చాడు విచారణ ఆఫీసరు. ముప్పై ఏళ్లు కూడా ఉండవు. చంకలో ఫైలు, చొక్కా వెనక చెమట మరక. చెడ్డవాడేం కాదు. కుర్చీ లేదంటే అరుగు మీదే కూర్చున్నాడు. నీళ్లిస్తే తాగి గ్లాసు తనే కడగబోయాడు. ఆ రోజు ఇంకా పదకొండు సందులు తిరగాలట. లోపల మూలుగు విని ఎవరని అడిగాడు. చెబితే జాలిపడి, తొందరగా తేల్చేద్దామమ్మా అన్నాడు.

అందరూ గుమిగూడారు. ఆఫీసరు ముందు చీపుళ్ల పెద్దమ్మను పిలిచాడు. డెబ్భై ఏళ్ల మనిషి, నెత్తిన మూటతో వీధి వీధీ తిరిగి చీపుళ్లమ్ముతుంది. ముందూ వెనకా ఎవరూ లేనిది, సగం నెల చీపుళ్ల మీద, సగం నెల ఆ సర్కారు డబ్బు మీద బతుకుతుంది. చెవుడు గనక, ఈవిడ చేత ఫోను చేయించావా అని చెవి దగ్గర గట్టిగా అడిగాడు. చేయించానంది. డబ్బులేమైనా ఇచ్చావా అని అడిగాడు.

పెద్దమ్మ మొహం వెలిగిపోయింది. తన కాజాల పిల్ల గురించి నాలుగు మంచి ముక్కలు చెప్పే సమయం వచ్చిందనుకుంది.

"ఇవ్వకుండా ఎలా ఉంటాను నాయనా. ఐదు రూపాయలు ఇచ్చాను. ఎప్పుడు చేయించినా ఇస్తాను. ఊరికే చేయించుకునే మనిషిని కాదు నేను."

ఆఫీసరు పెన్ను ఆగింది. మిగతావాళ్ల వైపు చూశాడు. ఇస్త్రీ అతను తనెక్కడ వెనకబడతానో అని, మేమూ ఇస్తాం సార్ అన్నాడు. ఆటోవాడి పెళ్లాం అయితే, పోయిన నెల చిల్లర లేక బాకీ పడ్డాను, ఇవాళే పెట్టేశాను అని గూడు చూపించింది. ఒక్కొక్కరే అడక్కముందే చెప్పారు. ఎవరి అప్పూ ఉంచుకోని మనుషులమని చెప్పుకోవడంలో వాళ్లకు ఎంత గొప్పో. కాజాలక్క గోడకు ఆనుకుని కూర్చుని వింటోంది. ఒక్కో మాట పడుతున్నకొద్దీ తన కింద ఒక్కో ఇటుక జారిపోతోంది. వాళ్ల కళ్లలోకి చూస్తే అంతా ప్రేమే. కోప్పడదామన్నా ఎవరి మీద కోప్పడాలి.

"సార్, అది రీచార్జికి పెట్టేది. నేను అడగను," అంది.

"నాకు అర్థమైందమ్మా. కానీ ఈ ఫారంలో డబ్బు తీసుకున్నారా అని ఒక్కటే ఉంది. అవును, కాదు. ఎందుకు తీసుకున్నారో రాయడానికి గడి లేదు."

ఆయన గొంతు తగ్గించి, ఒక దారి ఉంది అన్నాడు. ఫైల్లోంచి అచ్చు కాగితం తీశాడు. మిగతా ఆరు ఫిర్యాదులూ నిజం కావని, వాళ్ల తరఫున తను తెలియక చెప్పిందని రాసిచ్చి సంతకం పెడితే, తెలియక చేసిన తప్పు కింద పోతుంది. పదో తారీకుకల్లా ఆగిపోయిన మూడు నెలలదీ కలిపి ఆరు వేలు పడతాయి. తనే దగ్గరుండి పంపిస్తానని మాట కూడా ఇచ్చాడు.

ఆరు వేలు. పైపు, సంచీ, నర్సమ్మ, మాత్రలు. ఇవాళ ఈ కాగితం చూపిస్తే మందుల షాపువాడు అరువిచ్చినా ఇస్తాడు. ఆవిడ చెయ్యి పెన్ను కోసం చాచేసింది కూడా.

చాచిన చెయ్యి అలాగే ఉంచి అడిగింది. "నిజం కాదని రాస్తే వీళ్లకేమవుతుంది సార్?"

ఆయన చెప్పకపోతే చెల్లేదే. కానీ చెప్పాడు. దొంగ ఫిర్యాదు చేసినట్టు అవుతుంది గనక వాళ్ల పేర్లు మళ్లీ పరిశీలనకు వెళతాయి. మూడు నెలలు పట్టొచ్చు, ఆరు నెలలు పట్టొచ్చు. అందాకా డబ్బు రాదు.

ఆ మాట అందరికీ వినపడింది. సంతకం పెట్టమని ఎవరూ అనలేదు. వద్దనీ ఎవరూ అనలేదు. పెద్దమ్మకు మాత్రం వినపడలేదు. ఏమంటున్నాడే ఆ బాబు, నేను బాగానే చెప్పానా అని ఆటోవాడి పెళ్లాన్ని పొడిచి పొడిచి అడుగుతోంది. ఆ పిల్ల తల దించుకుంది.

లోపల్నుంచి మేస్త్రీ గొంతు వినిపించింది. రెండేళ్లలో నొప్పిని కూడా వేళాకోళం చేసిన మనిషి గొంతు కాదది.

"పెట్టేయ్యే. సంతకం పెట్టేయ్. నావల్ల కావడం లేదే. మా తల్లివి కదూ."

కాజాలక్క కళ్లు మూసుకుంది. పెన్ను ఆవిడ వేళ్ల మధ్య ఉంది. అచ్చు కాగితం మీద సంతకం చోట పెన్ను మొన ఆనింది. చుక్క పడింది. ఆ చుక్క మెల్లగా పెద్దదవుతోంది.

పెన్ను తీసి ఆయన ముందు పెట్టింది.

"అవి నిజమే సార్. రెండొందలు కోశాడు. ఏడుగురికీ కోశాడు. నేను పెట్టను."

"అమ్మా, మీ ఆయన..."

"నేను పెట్టనన్నానని రాయండి."

"అది రాయడానికి ఇందులో చోటు లేదమ్మా."

"కాగితం వెనక ఖాళీగానే ఉంది కదా సార్."

ఆఫీసరు కాగితం తిరగేశాడు. తెల్లగా ఉంది. పెన్ను చేతిలోకి తీసుకున్నాడు గానీ రాస్తాడో, మడిచి ఫైల్లో పెట్టుకుంటాడో తెలియకుండా దాన్నే చూస్తూ కూర్చున్నాడు.

లోపల మూలుగు ఆగిపోయింది. మంచం కిర్రుమంది. కదలని నడుమును చేతులతో ఈడ్చుకుని మేస్త్రీ మొహం గోడ వైపు తిప్పుకున్నాడని ఆ చప్పుడును బట్టి ఆవిడకు తెలిసింది.

ఆవిడ లేచి గుమ్మం దాకా వెళ్లింది. తలుపు తీసే ఉంది. రోజుకు వందసార్లు దాటే ఆ గడప దగ్గర, లోపలికి ఏ కాలు పెట్టాలో తెలియనట్టు, ద్వారబంధం పట్టుకుని నిలబడిపోయింది.