ఇంట్లో ఎవరెవరుంటారు

"ఎవరైనా అడిగితే నేను అక్కడే ఉంటున్నానని చెప్పు. అంతకు మించి నోరు విప్పకు," అన్నాడు ఒసారో ఫోన్లో.

అమెంజే వంటింట్లో బోటి కడుగుతోంది. ఫోను గోడకి ఆనించి పెట్టింది. మోచేతుల దాకా తడి, వేళ్ళనిండా జిగురు. నైజీరియాలోని బెనిన్ నగరం నుంచి అంత దూరం ప్రయాణం చేసి వచ్చే మనిషికి, దిగిన రోజు బోటి వేసిన మిరియాల చారు లేకపోతే ముద్ద దిగదు. మేక బోటి దొరికే కొట్టు కాల్గరీకి ఆ చివరెక్కడో ఉంది. డ్యూటీ దిగి, మంచులో కారు జారుతుంటే గుండె చిక్కబట్టుకుని వెళ్ళి తెచ్చింది.

"ఎవరడుగుతారు?" అంది.

"ఎయిర్‌పోర్టులో వాళ్ళు. ఈమధ్య గట్టిగా అడుగుతున్నారట. కంగారు పడకు. పెళ్ళానివి, నువ్వొక్క మాటంటే ఇంకెవడూ మాట్లాడడు."

"ఒసారో, నువ్వు ఇక్కడున్నది మొత్తం కలిపినా..."

"మళ్ళీ మొదలెట్టకు తల్లీ. ఆ బోటి బాగా కడుగు. పోయినసారి వాసనొచ్చింది," అని పెద్దగా నవ్వాడు. అతని నవ్వు అంటువ్యాధి లాంటిది. అమెంజేకి కూడా నవ్వొచ్చింది. ఫోను పెట్టేశాక, ఎందుకు నవ్వానా అని తనమీద తనకే చిరాకేసింది.

అతని శాశ్వత నివాసి కార్డు గడువు దగ్గర పడింది, అందుకే ఈసారి చలికాలంలో వస్తున్నాడు. ఐదేళ్ళలో రెండేళ్ళయినా ఈ దేశంలో గడిపితేనే శాశ్వత నివాసం నిలుస్తుంది. ఒసారో మొదటి చలికాలం మాత్రం గడిపాడు. ఆ తర్వాత వేసవి వేసవికీ చుట్టపుచూపుగా వచ్చి వెళ్ళాడు.

అసలు ఈ దేశం మార్కులు వేసి మనుషుల్ని తీసుకుంటుంది. ఆ మార్కులన్నీ అమెంజేవి. బెనిన్‌లో పెద్దాసుపత్రిలో ఫార్మసిస్టుగా చేస్తూ, రోగుల తాకిడి తగ్గిన ఏ కాస్త సమయంలోనో మందుల అలమరా వెనక కూర్చుని ఇంగ్లీషు పరీక్షకి చదివింది. ఒసారో బోర్లు వేసే ఇంజనీరు. అతని వయసుకి మార్కులు తగ్గాయి గానీ పెరగలేదు. అయినా వీడ్కోలు ప్రార్థనలో పాస్టరు గారు అతని తలమీదే చెయ్యి పెట్టి, "నీ ఇంటివాళ్ళని నువ్వే నడిపించు నాయనా" అన్నారు. అమెంజే అప్పుడు వెనకవైపు టమాటాలతో ఎర్రగా వండిన జొల్లోఫ్ అన్నం పళ్ళేలకెత్తుతోంది. అక్కడినుంచే ఆమెన్ అంది. అత్తగారు దగ్గరికొచ్చి, "నా కొడుకు నిన్ను తెల్లవాళ్ళ దేశం తీసుకెళ్తున్నాడు, మా అదేసువా వాళ్ళమ్మా. వాడి కడుపు మాత్రం మాడ్చకు," అంది. 'నేనే కదమ్మా తీసుకెళ్తున్నది' అన్న మాట నాలుక చివరిదాకా వచ్చింది. శుభమా అని బయల్దేరుతుంటే ఎందుకులే అని మింగేసింది. అలా మింగినవన్నీ కలిపితే ఓ ఊరికి భోజనం పెట్టొచ్చని ఈమధ్య అనిపిస్తోంది.

ఒసారోని పూర్తిగా తప్పు పట్టడం కూడా ఆమెకి చేతకాదు. వచ్చిన కొత్తలో అతనికి గడ్డకట్టిన మాంసం నిలవచేసే గిడ్డంగిలో పని దొరికింది. బెనిన్‌లో పదిమంది చేత సార్ అనిపించుకున్న మనిషిని, మీసాలు కూడా సరిగా రాని సూపర్‌వైజరు పేరు పెట్టి కేకలేసేవాడు. ఒక సాయంత్రం స్నానాలగదిలో తొట్టి అంచున కూర్చుని, చేతి తొడుగులైనా తియ్యకుండా ఏడుస్తున్నాడు. అమెంజే కింద కూర్చుని ఒక్కో తొడుగూ లాగి తీసింది. వేళ్ళు కొయ్యబారిపోయి ఉన్నాయి. వాటిని తన చంకల్లో పెట్టుకుని వెచ్చబరిచింది. ఆ నెలలోనే అతను అన్నాడు: "ఒకళ్ళం ఇక్కడ కాలు మోపి ఉంటే చాలు. నువ్వూ పిల్లలూ ఉండండి. నేను వస్తూ పోతూ ఉంటా."

"ఒక్కదాన్నీ ఎలా చెయ్యను?"

"అక్కడ మా అమ్మ పొయ్యి ఊది ఆరుగురిని పెంచింది. ఇక్కడ అన్నీ మిషన్లే కదా, నీకు పనేముంది?"

అన్నీ మిషన్లే. ఆ మాట ఆమె చెవిలో ఇల్లు కట్టుకుని ఉండిపోయింది. తెల్లారకముందే లేచి వాకిట్లో మంచు పార పట్టుకుని ఎత్తిపోస్తుంటే వినిపిస్తుంది. కొడుకు ఉయికి ఒళ్ళు కాలిపోతుంటే వాణ్ణి కారులో పడుకోబెట్టుకుని, కూతురు అదేసువాని బడిలో దించి, సెలవు పెడితే జీతం పోతుందని మేనేజరుని బతిమాలుకుంటుంటే వినిపిస్తుంది. ముసలివాళ్ళ ఆశ్రమంలో ఆమె ఆయా. ఒళ్ళు తుడుస్తుంది, పక్క మారుస్తుంది, గంజి తాగిస్తుంది. మందుల బండి ఎదురొస్తే అలవాటుకొద్దీ డబ్బాల మీద పేర్లు చదువుకుంటుంది. ఒకసారి ఓ డబ్బా కింద పడితే వంగి తీసింది. "అది నీ పని కాదమ్మా, అక్కడ పెట్టు," అంది నర్సు, మర్యాదగానే. మర్యాదగా అన్నది కాబట్టి తిరిగి ఏమీ అనలేకపోయింది. రాత్రి పిల్లలు పడుకున్నాక పుస్తకం తెరిస్తే, తను ఒకప్పుడు ఇతరులకి నేర్పిన పాఠాలే అక్షరాలు అలుక్కుపోయి కనిపించేవి.

ఈ దేశంలో మళ్ళీ ఫార్మసిస్టు కావాలంటే పరీక్షలు రాయాలి. మొదటిది గట్టెక్కింది. రెండోది రాయబోయే వారంలోనే, పోయిన వేసవిలో, ఒసారో దిగాడు. "నేనొచ్చిన వారమే నీకు పరీక్ష కావలసొచ్చిందా? సంవత్సరానికోసారి చూస్తున్నా నీ మొహం," అన్నాడు. చర్చివాళ్ళు ఇంజనీరు గారొచ్చారని రోజూ ఎవరో ఒకరు వచ్చేవారు. అతను సోఫాలో కూర్చుని, ఈ దేశంలో ఎలా నిలదొక్కుకోవాలో వాళ్ళకి చెప్పేవాడు. ఆమె వాళ్ళకి పుచ్చగింజలు నూరి వేసిన ఎగుసి కూరా, దంచిన కర్రపెండలం ముద్దలూ పెట్టేది. పరీక్ష కొద్దిలో తప్పింది. "పోనీలే, వచ్చే ఏడు రాద్దువు," అని భుజం తట్టాడు.

ఆ వచ్చే ఏడు ఇప్పుడొచ్చింది. పరీక్ష ఇంకో మూడు వారాల్లో ఉంది.

మర్నాడు ఆశ్రమంలో దుప్పట్లు మడతపెడుతూ మారివిక్‌తో చెప్పింది. మారివిక్ ఫిలిప్పీన్స్ మనిషి. పిల్లల్ని ఊళ్ళో అమ్మ దగ్గర వదిలి వచ్చి, పదేళ్ళు పట్టింది వాళ్ళని తెచ్చుకోవడానికి. ఇక్కడి చట్టాల విషయంలో ఆమె పాతకాపు.

"అబద్ధం చెప్తావా?" అని దుప్పటి అంచు వదిలేసింది మారివిక్. "పిచ్చిదానా, పట్టుబడితే అతనొక్కడిదే పోదు. నువ్వు కూడా మోసం చేసినట్టే. నీ కార్డు, పౌరసత్వానికి పెట్టుకున్నది, అన్నీ పోతాయి. పిల్లల్ని సర్దుకుని వెళ్ళిపోవాలి."

"నాకూ తెలుసు. కానీ మొగుడు కదా."

"మొగుడు ఎక్కడున్నాడు మరి?"

అమెంజే దుప్పటి రెండు అంచులూ తనే పట్టుకుని మడత పెట్టింది.

సాయంత్రం అత్తగారు ఫోన్ చేసింది. "అదేసువా వాళ్ళమ్మా, నువ్వు చదువుకున్న పిల్లవి, నీకు చెప్పక్కర్లేదు. ఇంటి తలుపు మొగుడి మొహం మీద వేసే ఆడది మా వంశంలో పుట్టలేదు, మెట్టలేదు," అంది. అంటే తల్లికి కూడా చెప్పి ఉంచాడన్నమాట. నిజం చెప్తే తలుపు వేసిన ఆడది అవుతుంది. అబద్ధం చెప్తే తన నెత్తిమీద కప్పు తనే పీక్కుంటుంది. ఆ రాత్రి పక్కమీద అటూ ఇటూ దొర్లుతూ ఆమెకి కార్డు మీది 'శాశ్వత నివాసి' అన్న మాట గుర్తొచ్చి, చీకట్లో నవ్వొచ్చింది. ఆవుని కట్టేసే గుంజలాగా శాశ్వతం తను. ఒసారో తాడు ఎంత దూరమైనా సాగుతుంది. తాడు సాగాలంటే గుంజ మాత్రం పాతిన చోట పాతినట్టు ఉండాలి.

మర్నాడు ఒసారో విమానం మధ్యాహ్నానికి ముందే దిగింది. అమెంజే అతని కోసం తెచ్చిన మందపాటి కోటు ఒళ్ళో పెట్టుకుని బయట కుర్చీలో కూర్చుంది. ఆ విమానంలో వచ్చినవాళ్ళంతా ఒక్కొక్కళ్ళే బయటికొచ్చి, కౌగిలించుకుని, పెట్టెలు తోసుకుంటూ వెళ్ళిపోయారు. తలుపులు తెరుచుకోవడం మానేశాయి. అప్పుడు ఆమె ఫోను మోగింది.

ఎవరో ఆడగొంతు. చిన్నవయసు పిల్లలాగుంది. తను ఇమ్మిగ్రేషన్ అధికారినని చెప్పింది. మాట్లాడుతున్నది అమెంజేనా అని అడిగింది. "మీవారు ఈ ఐదేళ్ళూ కాల్గరీలో మీతోనే కాపురం ఉన్నానంటున్నారు. సెలవులకి మాత్రం నైజీరియా వెళ్ళొస్తుంటానంటున్నారు. నిజమేనాండీ?"

ఒక్క మాట, అవునంటే చాలు. అవుననడం అమెంజేకి కొత్త కాదు. పెళ్ళయిన దగ్గర్నుంచీ అవునంటూనే ఉంది. వస్తూ పోతూ ఉంటానంటే అవునంది, వచ్చే ఏడు రాద్దువంటే అవునంది, చర్చిలో ఎవరైనా మీ ఇంజనీరు గారు మిమ్మల్ని ఇంత దూరం తీసుకొచ్చారంటే అవునని తలూపింది. తొట్టి అంచున కూర్చుని ఏడ్చిన మనిషి కళ్ళముందు కనిపించాడు. అతనంటే ఇప్పటికీ జాలే. కానీ అదే తొట్టిని ఐదేళ్ళుగా తోముతున్నది తను. ఆ అంచున తను ఎన్నిసార్లు కూర్చుందో ఎవరికీ తెలియదు, తన తొడుగులు ఎవరూ వచ్చి తియ్యలేదు. అదేసువా బడిలో నీ ఇంటి బొమ్మ వెయ్యమంటే ముగ్గుర్ని వేసింది. "నాన్నని మర్చిపోయావే," అంటే, "నాన్న బొమ్మ వెయ్యాలంటే వేరే కాగితం కావాలమ్మా, వేరే ఇల్లు కదా," అంది. పిల్లకి పదేళ్ళకే అర్థమైంది.

"అమ్మా, ఉన్నారా? మీ ఇంట్లో ఎవరెవరుంటారు?"

"నేనూ, నా ఇద్దరు పిల్లలూ," అంది అమెంజే. తన గొంతు తనకే కొత్తగా వినిపించింది. "ఆయన నైజీరియాలో ఉంటారు. వేసవిలో వచ్చి వెళ్తారు."

అవతల కాసేపు ఏదో టైపు చేస్తున్న చప్పుడు. "థాంక్యూ అండీ," అని పెట్టేసింది ఆ పిల్ల.

అమెంజే లేచి వెళ్ళిపోదామనుకుంది. కానీ కోటు ఒళ్ళో పెట్టుకుని అలాగే కూర్చుంది.

ఒసారో చాలాసేపటికి బయటికొచ్చాడు. మొహం మాడిపోయి ఉంది. కోటు తీసుకున్నాడు గానీ ఆమెకేసి చూడలేదు. కారు పెద్ద రోడ్డెక్కింది.

"ఆ పిల్ల నా మొహం మీదే అంది, మీ ఆవిడ వేరేలా చెప్తున్నారండీ అని," అన్నాడు చివరికి. "నువ్వు నన్ను నిలువునా ముంచావు అమెంజే. కార్డు తీసేస్తున్నామని కాగితం రాసిచ్చారు. నెలలోగా అప్పీలు చేసుకోవాలట. మా అమ్మకేం చెప్పను నేను?"

"నిజం చెప్పు."

"మొగుడి కోసం ఒక్క మాట!"

"ఆ ఒక్క మాటకి నా కార్డు కూడా పోతుంది. పిల్లల బతుకు కూడా. ఆ సంగతి తెలియకే అడిగావని ఇన్నాళ్ళూ అనుకున్నాను." సిగ్నల్ దీపం ఎర్రగా ఉంటే కారు ఆపింది. "తెలుసా నీకు?"

ఒసారో కిటికీలోంచి బయటికి చూశాడు.

"నువ్వెలాగో నెట్టుకొస్తావనుకున్నా," అన్నాడు నెమ్మదిగా. "ఎప్పుడూ నెట్టుకొస్తావు కదా."

దీపం పచ్చగా మారింది. వెనక ఎవరో హారన్ కొట్టారు. అమెంజే కారు కదిపింది. ఏడుపొస్తుందనుకుంది, రాలేదు. ఇన్నేళ్ళూ ఒళ్ళంతా పట్టేసినట్టున్నది ఏదో వదిలినట్టనిపించింది. కోపం కూడా కాదు. పొద్దు ఎంతయిందో చూసుకున్న మనిషికి వచ్చే తొందరలాంటిది.

ఇంటి ముందు కారాపింది. అతను డిక్కీలోంచి పెట్టెలు దించుకున్నాడు. ఒకదాన్నిండా ఎండుచేపలు, పిల్లలకి చొక్కాలు. ఆమె ఇంజను ఆపలేదు.

"దిగవా?" అన్నాడు.

"అప్పీలు చేసుకో ఒసారో. నేను అడ్డురాను. ఈ నెలంతా ఇక్కడే ఉండు. ఉంటే మాత్రం వంట నీది, పిల్లల్ని బడిలో దించడం నీది, వాకిట్లో మంచు నీది. నాకు పరీక్షుంది. ఆశ్రమం నుంచి తిన్నగా లైబ్రరీకి వెళ్తాను, అది మూసేదాకా అక్కడే ఉంటాను."

"నాకు వంటొచ్చా?"

"అన్నీ మిషన్లే కదా."

అతను వాకిట్లో మంచులో నిలబడ్డాడు, రెండు పెట్టెల మధ్య. ఇంటి తలుపు పిడి తిప్పి చూశాడు. రాలేదు. జేబులు తడుముకుని ఆగిపోయాడు. ఆ మొదటి చలికాలం తర్వాత ఏనాడూ ఆ ఇంటి తాళంచెవి అతని దగ్గర లేదని ఇద్దరికీ ఒకేసారి తట్టింది.

అమెంజే తన గుత్తిలోంచి ఒకటి ఊడదీసి, కారు కిటికీలోంచి చెయ్యి చాపి ఇచ్చింది.

"పిల్లలు కాసేపట్లో వచ్చేస్తారు," అంది. "ఆకలిమీద వస్తారు. కడిగిన బోటి ఫ్రిజ్‌లో ఉంది, ఏదైనా చేసి ఉంచు."

కారు వెనక్కి తిప్పుకుని లైబ్రరీ దారి పట్టింది.