గాజుల చెయ్యి

రక్తం తీయడానికి సూది గుచ్చే ముందు అమ్మణి ఎప్పుడూ వంట సంగతే అడుగుతుంది. వ్యాసర్పాడి ఆరోగ్య కేంద్రంలో ఆమె ముందు కుర్చీలో కూర్చున్న గర్భిణి పులుసులో పులుపెంతో చెప్పేలోపే రక్తం ట్యూబు నిండిపోతుంది. ఇవాళ అమ్మణి ఉద్యోగానికి ఆఖరి రోజు. అయినా కొంగు బిగించి పొద్దున్నుంచీ అదే పని.

మధ్యాహ్నం సరణ్య వచ్చింది, వెనకే అత్త వెంకటలక్ష్మి. సరణ్యకి ఏడో నెల. వేళ్ళు తిమ్మిరెక్కుతున్నాయంటే, బీ ట్వెల్వ్ విటమిన్ తక్కువేమో చూడాలని డాక్టరమ్మ ఎప్పుడో రాసింది. సూదంటే భయంతో పిల్ల తప్పించుకు తిరుగుతోంది. రేపు పుట్టింటికి వెళ్ళిపోతుంది. ఇవాళ తీయకపోతే ఆ లోటు సంగతి ఇక ఎవరు పట్టించుకుంటారని అమ్మణి దిగులు.

తీరా చూస్తే చేతినిండా గాజులు. నిన్ననే సీమంతం. ఎరుపూ పచ్చా మోచేతిదాకా కిక్కిరిసి ఉన్నాయి.

"ఒక్కటి కూడా తియ్యకూడదు మా. కానుపు అయ్యేదాకా అట్లే ఉండాల. పగిలితే ఇంకా తప్పు," అంది వెంకటలక్ష్మి.

"తీసేది ఎవురు? నువ్వు ఈడ కూర్చో వదినా."

అమ్మణి సొరుగులోంచి పాతచీర పేలిక తీసింది. గాజులన్నీ మణికట్టు వైపు జరిపి, పసిబిడ్డకి పొత్తిగుడ్డ చుట్టినట్టు చుట్టేసింది. మోచేతి దగ్గర కాస్త చోటు దొరికింది. మొగుడు ఏకాంబరం చిన్నవయసులోనే పోయాక అమ్మణిని ఏ సీమంతానికీ ఎవరూ పిలవలేదు. ఆ వేడుకంతా మర్నాడు ఈ కుర్చీ దగ్గరే చూసుకునేది.

"నిన్న ఏమేం అన్నాలు చేసినారు పాపా?"

"నిమ్మకాయ, చింతపండు, కొబ్బరి..." సరణ్య కళ్ళు మూసుకుంది. "పెరుగన్నం..."

"పెరుగు వదలొద్దు. గుడ్డు తింటావా?"

"వాసన పడదు పెద్దమ్మా. ఎప్పుడు గుచ్చేది?"

"అయిపోయింది పో. రిపోర్టు ఫోనుకే వస్తుంది. మాత్రలు రాస్తే మానకుండా వేసుకో."

నిండిన ట్యూబు చూసి సరణ్య పకపకా నవ్వింది. గుడ్డ విప్పగానే గాజులు గలగలమన్నాయి. వెంకటలక్ష్మి ఒక్కొక్కటీ తడిమి చూసుకుంది. ఒక్కటీ చిట్లలేదు.

ఆమె అమ్మణి బోసి చేతులకేసి కాసేపు చూసింది. సంచిలోంచి, పేరంటాళ్ళకి పంచగా మిగిలిన పచ్చగాజులు తీసింది.

"చెయ్యి ఇట్లియ్యి."

"నాకెందుకు వదినా. నా సంగతి తెలుసు గదా."

"తెలుసులే. ఇయ్యి."

గాజులు ఎక్కుతుంటే అమ్మణికి సంతోషం దాచుకోవడం చేతకాలేదు. కళ్ళు తుడుచుకుంటూనే నవ్వేసింది.

సాయంత్రం ట్యూబుల పెట్టె ల్యాబుకి వెళ్ళిపోయింది. అమ్మణి మెట్లు దిగుతుంటే గాజుల చప్పుడు వీధిదాకా వినిపించింది. కుర్చీ చేతిమీద, ఆమె ఉతికి ఆరేసిన పాతచీర పేలిక ఇంకా తడిగానే ఉంది.