వంటింటి గోడలో తొంభై ఎనిమిది వాట్లు

నాన్న పోయాక, స్టీలు ప్లాంటు వాళ్లిచ్చిన మా సెక్టర్ 7 క్వార్టరులో వంటింటి గోడ వెచ్చబడింది. మా అమ్మ గున్నమ్మ ఆ సంగతి ముందు నాకు చెప్పలేదు, మరోదా బస్తీలో ఉండే చిన్నమ్మలు అత్తకు చెప్పింది. నాకు చెబితే లెక్కలు తీస్తానని భయం. నిజమే, తీస్తాను. ఎలక్ట్రికల్ డిప్లొమా చదివి, హథ్‌ఖోజ్ పారిశ్రామికవాడలో మోటార్లు బాగుచేసే షెడ్డులో పనికి చేరినదాన్ని. దయ్యాల కబుర్లంటే నాకు ఒళ్లుమంట.

సాయంత్రం అమ్మ హీటరు మీద అన్నం పెట్టగానే వంటింటి బల్బు కాస్త మసకబారేది. కాసేపటికి హీటరు పక్కన గోడ, కూర్చున్న మనిషి వీపు ఆనే ఎత్తులో, వెచ్చగా అయ్యేది. మా నాన్న అప్పలసూరి జనరల్ షిఫ్టు దిగి వచ్చి అక్కడే పీట వేసుకుని, గోడకు ఆనుకుని టీ తాగేవాడు. గుండెపోటుతో ఆయన పోయిన ఏడాదే ఇదంతా మొదలైంది. అన్నం ఉడుకుతున్నంతసేపూ అమ్మ గోడకు అరచెయ్యి ఆనించి ఆయనతో కబుర్లు చెప్పేది. దయ్యాలు దించే బైగాని పిలుద్దామని అత్త అన్నందుకు ఆవిడతో మాటలు మానేసింది.

నా భయం వేరు. ఓ సాయంత్రం ఆ గోడ దగ్గర నాకు కాలిన రబ్బరు వాసన తగిలింది.

ఆ రోజుల్లో మా వీధిలో హీటరు లేని క్వార్టరు లేదు. వాడకూడదని రూలు. చెకింగు వాళ్లు వచ్చారంటే హీటర్లన్నీ మంచాల కిందికి పోయేవి. అందుకే నాన్న బల్బుకు వెళ్లే తీగను మధ్యలో కోసి, హీటరు తీగనూ అందులో కలిపి మెలితిప్పి, ఆ అతుకు కనపడకుండా గోడలో పెట్టి సిమెంటు మెత్తేశాడు. ప్లాంటులో ఫిట్టరు కదా, తనకు రాని పని లేదనుకునేవాడు. మెలితిప్పి టేపు చుట్టేస్తే అతుకైపోతుందనుకున్నది ఆయనొక్కడే కాదు, మా వీధంతా అంతే.

షెడ్డులో అడిగి వోల్టు మీటరూ, తీగ కోయకుండానే కరెంటు చూపించే టాంగ్ టెస్టరూ తెచ్చాను. హీటరు వేసి చూశాను. మెయిన్ బోర్డు దగ్గర రెండొందల పద్దెనిమిది వోల్టులు, హీటరు ప్లగ్గు దగ్గర రెండొందల మూడు. తీగలో ఏడు ఆంపియర్లు. అంటే పదిహేను వోల్టులు దారిలో పోతున్నాయి. తీగ పొడవుకు ఒకటి తీసేసినా, మిగతా పద్నాలుగూ అతుకే మింగుతోంది. పద్నాలుగుని ఏడుతో భాగిస్తే కరెంటుకు అడ్డు రెండు ఓములు. మంచి అతుకులో అడ్డు దాదాపు సున్నా ఉండాలి. పద్నాలుగుని ఏడుతో గుణిస్తే తొంభై ఎనిమిది వాట్లు. గోడలో కాగుతున్న వేడి అది.

అమ్మను కూర్చోబెట్టి చెప్పాను. గోడలో ఎవరూ లేరని, వదులైన అతుకు కరెంటుకు అడ్డుపడి వేడెక్కుతోందని, బల్బు మసకబారేదీ అందుకేనని. ఇలాగే వదిలేస్తే ఇల్లు అంటుకుంటుందని, గోడ పగలగొట్టి ఆ అతుకు తీసేస్తానని. అంతా విని అమ్మ ఒక్కటే అడిగింది.

“తొంబై ఎనిమిదంటే ఎంత వేడే, భాగ్యం?”

క్లాసులో మాస్టారు చెప్పిన మాట నా నోట్లోంచి వచ్చేసింది. “ఊరికే కూర్చున్న మనిషి ఒంట్లోంచి వచ్చేటంత.”

అమ్మ నాకేసి జాలిగా చూసింది. “మరి నాను సెప్పిందీ అదే కదేటి. మీ అయ్య కూకున్నాడని.”

మళ్లీ కొలిచాను, మళ్లీ అంతే వచ్చింది. యాభై రాకూడదా, మూడొందలు రాకూడదా? సరిగ్గా ఒక మనిషంతే ఎందుకు రావాలి?

ఆ తర్వాత అమ్మ గోడ మీద నన్ను చెయ్యి వెయ్యనివ్వలేదు. నేను ఫ్యూజు పీకితే తను పెట్టేది. కిరసనాయిలు స్టవ్వు తెస్తే పెరట్లో పడేసింది. ఉన్న ఒక్క అమ్మ నిప్పు పక్కన కూర్చుని కబుర్లు చెబుతుంటే షెడ్డులో నాకు పని మీద ధ్యాస నిలిచేది కాదు. గోడ మీద సున్నం గోధుమ రంగుకు తిరిగింది.

ఓ ఆదివారం సాయంత్రం మళ్లీ మీటరు పెట్టాను. అతుకు దగ్గర పోయే వోల్టులు రెట్టింపయ్యాయి. కరెంటు కొంచెమే తగ్గింది. గుణించి చూసి మీటరు సంచిలో పెట్టేశాను. అమ్మ ఊరుకోలేదు, ఎంతని అడిగింది.

“ఇద్దరు మనుషులంత.”

అమ్మ చెయ్యి గోడ మీదే ఉండిపోయింది. తర్వాత గోడను కాదు, నన్ను చూసింది.

“రెండో మనిషెవులు?”

అలా కాదమ్మా, అతుకు ఇంకా పాడైంది, అందుకే అడ్డు పెరిగిందని చెబుతూనే ఉన్నాను. నా మాట ఆమె చెవికెక్కలేదు. గోడకు దగ్గరగా జరిగి, బతికున్న మొగుడితో మాట్లాడినట్టే నెమ్మదిగా అంది. “సాల్లే మావా. పిల్లని అట్టుకుపోకు, ఒగ్గీ. ఇంక నువ్వెల్లిపో.”

లేచి మూలనున్న రోకలి అందుకుంది. నేను పరుగెత్తి మెయిను ఆపేలోపే మొదటి దెబ్బ పడింది. ఏడుస్తూ కొట్టింది. సిమెంటు పెచ్చులు రాలి, లోపల నల్లగా మాడిన టేపు ముద్ద బయటపడింది. అమ్మ రోకలి వదిలేసి అవతలి గదిలోకి వెళ్లిపోయింది.

కటింగ్ ప్లేయరుతో రెండువైపులా తీగలు కోశాను. నాన్న మెలితిప్పిన అతుకు నా చున్నీలోకి జారింది. ఇంకా వెచ్చగానే ఉంది. అది చల్లారేదాకా అలాగే పట్టుకుని కూర్చున్నాను.